ఆ ఏడాది పోటీలో ఇంకెవరున్నారు?

1986వ సంవత్సరపు సినిమాలకు జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు తెలుగులో ఉత్తమ చిత్రంగా ‘స్వాతిముత్యం’ ఎంపికైంది. ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది కూడా ఆ సినిమాయే. శివయ్య వేషంలో కమల్‌హాసన్‌ని చూసి కళ్లు తుడుచుకోని ప్రేక్షకులు తక్కువ. అయినా ఉత్తమ నటుడి అవార్డు ఆయనకు రాలేదు. ‘తబరన కథె’ అనే కన్నడ సినిమాలో నటించిన చారుహాసన్‌కి వచ్చింది. ఈ చారుహాసన్ ఎవరో కాదు, కమల్‌హాసన్‌కి స్వయానా అన్నగారు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటే. శివయ్యను కాదని ఇంకొకరికి ఎలా ఇచ్చారండీ, అంటారు. నేను వాళ్లను ‘తబరన కథె’ చూశారా అని అడుగుతాను. చాలామంది చూడలేదు. గిరీశ్ కాసరవల్లి తీసిన ఆ సినిమాలో తబర ఒక మున్సిపాలిటీ జవాను. రిటైరయ్యాడు. ఇంట్లో భార్యకు జబ్బు, చేతిలో చిల్లిగవ్వ లేదు, రావలసిన పింఛను కాగితాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకు కదలవు. జీవితమంతా సర్కారును నమ్ముకున్న మనిషి అదే సర్కారు ఆఫీసుల గుమ్మాల ముందు నిలబడి నిలబడి ఎలా అరిగిపోతాడో చారుహాసన్ చూపించారు. మొదట్లో ఆయన వంగి దండం పెట్టే తీరుకీ, చివర్లో పెట్టే తీరుకీ మధ్య ఒక మనిషి నమ్మకం మొత్తం కూలిపోయి ఉంటుంది. రెండు సినిమాలూ చూసినవాడిగా చెబుతున్నాను. ఆ ఏడాది జ్యూరీ నిర్ణయం సరైనదే.

అవార్డుల గురించి తగవు పడటం తప్పని నేను అనను. పడాలి. ఏ సినిమా ప్రింటును జాగ్రత్త చేస్తారు, ఏ దర్శకుడికి మళ్లీ నిర్మాత దొరుకుతాడు, ఏ నటుడి పేరు పాఠ్యపుస్తకాల్లోకి వెళుతుంది, ఇలాంటివన్నీ ఎంతో కొంత అవార్డును బట్టి ఉంటాయి. కాబట్టి ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది పనికిమాలిన కబురు కాదు. నేను కోరేదల్లా ఒక్కటే. మనవాడికి రాలేదని వాదించే ముందు వచ్చినవాడి పనిని కూడా చూడాలి. ఆ ఏడాది పోటీలో ఇంకెవరున్నారో తెలుసుకోవాలి. నియమాలేమిటో తెలుసుకోవాలి.

ప్రపంచంలో ఈ తగవు ఎక్కడ మొదలైనా ‘సిటిజన్ కేన్’ దగ్గరికి వస్తుంది. 1942 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్‌లోని బిల్ట్‌మోర్ హోటల్లో ఆస్కార్ సభ జరిగింది. పాతికేళ్ల వయసులో ఆర్సన్ వెల్స్ తీసిన ఆ సినిమాకు 9 నామినేషన్లు వచ్చాయి. చేతికి వచ్చింది ఒక్కటి, స్క్రీన్‌ప్లేకి. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా 5 అవార్డులు జాన్ ఫోర్డ్ తీసిన ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’కి వెళ్లాయి. కేన్ పాత్రలో తన పోలికలున్నాయని పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ ఆగ్రహించడం, తన పత్రికల్లో ఆ సినిమా ప్రకటనలు కూడా వెయ్యనివ్వకపోవడం అందరికీ తెలిసిన చరిత్ర. తర్వాత ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకోసారి విమర్శకులను అడిగి వేసే జాబితాలో 1962 నుంచి 2002 దాకా ప్రతిసారీ మొదటి స్థానం ‘సిటిజన్ కేన్’దే.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. దీనివల్ల నష్టపోయింది ఎవరంటే, నా లెక్కలో జాన్ ఫోర్డ్ సినిమా. దాన్ని ఇప్పుడు ‘కేన్’ని ఓడించిన సినిమా అని తప్ప వేరే పేరుతో ఎవరూ తలుచుకోరు. చూసేవాళ్లు అంతకన్నా తక్కువ. వేల్స్ దేశంలో ఒక బొగ్గు గనుల లోయ, అందులో ఒక కుటుంబం. కూలి తగ్గించినందుకు సమ్మె, సమ్మె గురించి తండ్రీకొడుకుల మధ్య పట్టింపులు, బతుకుతెరువు కోసం ఒక్కొక్కరుగా ఊరు విడిచిపోయే అన్నలు, ఇదంతా చూస్తూ పెరిగే చిన్నపిల్లవాడు. కొత్తగూడెం వాళ్లో బెల్లంపల్లి వాళ్లో ఆ సినిమా చూస్తే తమ ఇళ్లలో జరిగిన సంగతులు కొన్ని అందులో కనిపిస్తాయి. ‘కేన్’కి ఆ రాత్రి ఉత్తమ చిత్రం రావలసిందని నేనూ అంటాను. కథ చెప్పే పద్ధతినే అది మార్చింది. అంతమాత్రాన ఫోర్డ్ సినిమాను చెత్త అనే హక్కు మనకు రాదు.

మన దేశానికి వస్తే, ‘మదర్ ఇండియా’ ఒకే ఒక్క ఓటు తేడాతో ఆస్కార్ పోగొట్టుకుందని అరవై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నాం. 1958లో విదేశీ భాషా చిత్రాల పోటీలో మెహబూబ్ ఖాన్ సినిమా నిలిచిన మాట నిజం. ఫెల్లీనీ తీసిన ‘నైట్స్ ఆఫ్ కబీరియా’ గెలిచిన మాటా నిజం. ఎన్ని ఓట్ల తేడా అన్నది మాత్రం అకాడమీ బయటపెట్టదు. ఆ ఒక్క ఓటు లెక్క ఎక్కడ పుట్టిందో గాని, దాని నీడలో జూలియట్టా మసీనా నటన మనకు కనిపించకుండా పోయింది. మోసపోయి, ఉన్నదంతా పోగొట్టుకుని కూడా తిరిగి నడక సాగించే కబీరియాను చూసినవాళ్లు ఆ ఓటమికి అంత బాధపడరు. రాధ పాత్రకు నర్గీస్‌కి కార్లోవీ వారీ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దాని గురించి మనం చెప్పుకునేది తక్కువ.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. 1963వ సంవత్సరం. అప్పట్లో జాతీయ అవార్డుల్లో మొదటి ఉత్తమ చిత్రం, రెండో ఉత్తమ చిత్రం, మూడో ఉత్తమ చిత్రం అని వరస కట్టేవారు. ఆ ఏడాది మొదటిది ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ తీసిన ‘షెహర్ ఔర్ సప్నా’. రెండోది కమలాకర కామేశ్వరరావు గారి ‘నర్తనశాల’. మూడోది సత్యజిత్ రే తీసిన ‘మహానగర్’. మళ్లీ చెబుతాను, మన ‘నర్తనశాల’ రెండు, రే గారి ‘మహానగర్’ మూడు.

తెలుగు సినిమాకు ఢిల్లీలో ఎప్పుడూ అన్యాయమే జరిగిందని అనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. అదే ‘మహానగర్’కి మరుసటి ఏడు బెర్లిన్‌లో ఉత్తమ దర్శకుడిగా రే గారికి సిల్వర్ బేర్ ఇచ్చారు. కలకత్తా మధ్యతరగతి ఇల్లు. ఇల్లు గడవక ఇల్లాలు ఆరతి ఉద్యోగానికి బయలుదేరుతుంది. ఇల్లిల్లూ తిరిగి అల్లిక మెషీన్లు అమ్ముతుంది. మామగారు మాట్లాడటం మానేస్తారు. భర్త పనిచేసే బ్యాంకు మూతపడుతుంది. అప్పుడిక ఆమె జీతమే ఆ ఇంటికి ఆధారం. అలాంటి సమయంలో, తోటి ఉద్యోగినికి జరిగిన అన్యాయం సహించలేక ఆరతి రాజీనామా ఇచ్చేస్తుంది. మాధవీ ముఖర్జీ ఆ పాత్రలో చూపించిన ధైర్యం ఎక్కడా గొంతు పెంచనిది. భయపడుతూనే చేసే ధైర్యం.

సినిమా మొత్తంగా తూచితే ‘మహానగర్’ ఆ ఏడాది ‘నర్తనశాల’ కన్నా పైన ఉండాలి. తెలుగువాడిగా పుట్టి ‘నర్తనశాల’ను ఎన్నిసార్లయినా చూడగలిగిన నేను ఈ మాట కష్టపడే చెబుతున్నాను. ఎన్టీఆర్ బృహన్నల, సావిత్రి సైరంధ్రి, ఆ పద్యాలు, ఆ సెట్లు, అన్నీ నాకు ప్రాణం. కానీ ‘నర్తనశాల’ మనకు తెలిసిన కథను మహా వైభవంగా చెప్పింది. ‘మహానగర్’ అప్పటిదాకా తెర మీదకు సరిగా రాని ఒక మనిషిని తెచ్చి మన ముందు నిలబెట్టింది. ఇక ఆ రెండింటినీ దాటి మొదటి స్థానం కొట్టేసిన ‘షెహర్ ఔర్ సప్నా’ సంగతి? బొంబాయిలో తల దాచుకోవడానికి గూడు లేక పెద్ద నీళ్ల గొట్టంలో కాపురం పెట్టిన జంట కథ అది. ఈ రోజు దాన్ని చూద్దామంటే ఎంతమందికి దొరుకుతుంది? దొరకనప్పుడు జ్యూరీ ఒప్పో తప్పో ఎలా తేల్చుకుంటాం?

‘నర్తనశాల’లో పోటీ లేని చోటు ఒకటుంది. అది రంగారావు గారి కీచకుడు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఎస్.వి. రంగారావుకు ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. మరి మన దేశం ఎందుకు ఇవ్వలేదు? ఇక్కడే నియమాలు తెలియాలి. జాతీయ అవార్డులు మొదలైంది 1953 సినిమాలతో. నటీనటులకు అవార్డు పెట్టింది మాత్రం 1967 సినిమాల నుంచి. ఆ మొదటి ఏడాది ఉత్తమ నటుడు ఉత్తమ్ కుమార్, ఉత్తమ నటి నర్గీస్. అంటే ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘నర్తనశాల’ వచ్చిన రోజుల్లో నటనకు జాతీయ పోటీ అన్నదే లేదు. నాగేశ్వరరావు గారి దేవదాసును ఎవరూ ఓడించలేదు. రంగారావు గారి ఘటోత్కచుణ్ని ఎవరూ పక్కన పెట్టలేదు. వాళ్ల గొప్ప పాత్రలు ఆ అవార్డు పుట్టకముందే తెరకెక్కాయి.

అందరికన్నా ఎక్కువగా నన్ను కలచివేసేది సావిత్రి విషయం. ‘మాయాబజార్’లో శశిరేఖగా కనిపిస్తూ, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నడిచిన ఆ నటికి అప్పుడు ఇవ్వడానికి దేశం దగ్గర నటన అవార్డే లేదు. 1981లో ఆవిడ వెళ్లిపోయారు. 2018లో ఆవిడ జీవితం మీద ‘మహానటి’ తీశారు. అందులో సావిత్రిగా నటించిన కీర్తి సురేశ్‌కి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. కీర్తి సురేశ్ చాలా బాగా చేసింది, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఆ వార్త విన్నప్పుడు నా మనసు ‘దేవదాసు’లో పార్వతి దగ్గరికే పోయింది.

1979 గురించి కొంచెం చెప్పుకోవాలి. ‘శంకరాభరణం’ థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరి 2న. అవార్డులు మాత్రం 1979 లెక్కలో వచ్చాయి, ఎందుకంటే అక్కడ చూసేది విడుదల తేదీ కాదు, సెన్సారు సర్టిఫికెట్ తేదీ. విశ్వనాథ్ గారి సినిమాకు జనరంజక చిత్రంగా స్వర్ణ కమలం, సంగీతానికి మహదేవన్ గారికి, పాటలకు బాలసుబ్రహ్మణ్యం గారికీ వాణీ జయరాం గారికీ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటుడు మాత్రం ‘స్పర్శ్’లో అంధుల పాఠశాల ప్రిన్సిపాల్‌గా వేసిన నసీరుద్దీన్ షా. శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారికి రాలేదని ఇప్పటికీ బాధపడేవాళ్లున్నారు. ఆ నిర్ణయంలో తప్పు లేదని నా అభిప్రాయం. శంకరశాస్త్రి పాత్ర సగం బాలు గారి గొంతు మీద, మహదేవన్ గారి బాణీల మీద నిలబడింది. జాలి చూపించినవాళ్ల మీద విరుచుకుపడే ఆ అంధుడి ఆత్మాభిమానాన్ని నసీరుద్దీన్ ఒక్కడే మోశాడు.

‘శంకరాభరణం’లో గుర్తింపు దక్కనిది తులసికి. మాటలు దాదాపు లేకుండా, చూపుతో, నడకతో మంజుభార్గవి గురుభక్తిని ఎంత దూరం తీసుకుపోయిందో చూసినవాళ్లకు తెలుసు. సహాయ నటికి జాతీయ అవార్డు మొదలైంది 1984 సినిమాలతో. తులసి అయిదేళ్లు ముందు వచ్చేసింది.

నేను నిజంగా తగవు పడే ఏడాది 1983. ‘సాగరసంగమం’లో పాటకు బాలసుబ్రహ్మణ్యం గారికి, సంగీతానికి ఇళయరాజా గారికి జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ నటుడు ‘అర్ధసత్య’లో ఓంపురి. గోవింద్ నిహలానీ సినిమా అది. సబ్ ఇన్‌స్పెక్టర్ అనంత్ వేలంకర్, చదువుకుందామనుకుంటే బలవంతంగా పోలీసుల్లో చేర్చిన తండ్రి, చేతకానితనం లోపల మరిగి మరిగి చివరకు హింసగా బయటపడటం. ఓంపురి దవడ బిగింపులోనే ఆ కథ ఉంటుంది. ఆ నటన సామాన్యమైంది కాదు. మన దేశంలో పోలీసు పాత్రలను అది మార్చేసింది.

అయినా నా ఓటు ‘సాగరసంగమం’లోని బాలకృష్ణకే, అంటే ఆ పాత్ర వేసిన కమల్‌హాసన్‌కే. ఎందుకో చెబుతాను. ఓంపురి ఒకే వేడిని మొదటి నుంచి చివరి దాకా పెంచుకుంటూ పోయాడు. కమల్‌హాసన్ ఒకే సినిమాలో మూడు వయసులు, మూడు ఒళ్లు మోయాలి. ఆకలితో ఉన్నా కళ్లల్లో వెలుగు తగ్గని కుర్రవాడు. తల్లి చావు దగ్గర ఢిల్లీ నాట్యోత్సవం కలను వదులుకున్న కళాకారుడు. తాగి తాగి పాడైన విమర్శకుడు. పత్రికాఫీసులో ఒక అహంకారి అమ్మాయి ముందు ఒకే భావాన్ని వేర్వేరు నాట్య పద్ధతుల్లో చూపించేటప్పుడు, తాగుడుతో చెడిన శరీరంలోంచి పాత శిక్షణ ఒక్కసారిగా పైకి లేస్తుంది. మెరుగైన నర్తకుడు ఆడి చూపించడం సులభం. చెడిపోయిన నర్తకుడిలో ఒకప్పటి మెరుగైన నర్తకుణ్ని చూపించడం వేరు. వానలో బావి మీద ఆడిన ఘట్టంలో కాలు తడబడుతుంది, లయ తడబడదు. ఆ రెండింటినీ ఒకే దేహంలో నిలిపిన నటుడు ఆ ఏడాది ఇంకొకరు లేరు.

ముందు ఏడాదే ‘మూండ్రాం పిరై’కి, మన ‘వసంత కోకిల’ అన్నమాట, కమల్‌హాసన్‌కి ఇచ్చారు కదా, వరసగా రెండోసారి ఎలా ఇస్తారు అని కొందరు అంటారు. ఆ వాదన నిలవదు. ఉత్తమ నటిగా షబానా ఆజ్మీకి 1982, 1983, 1984 మూడేళ్లూ వరసగా ఇచ్చారు. అర్చనకు 1987లో ‘వీడు’కి, 1988లో నర్సింగరావు గారి ‘దాసి’కి వరసగా ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. కమల్‌హాసన్‌కి కూడా ఇచ్చి ఉండాల్సింది.

చివరికి 2021వ సంవత్సరపు సినిమాలకు గాను ‘పుష్ప’లో నటించిన అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి అది మొదటిసారి. ఒక భుజం పైకెత్తిన నడక, చిత్తూరు యాస, కూలివాడి మొండితనం, అన్నీ కలిపి అతను కట్టిన పాత్ర అది. మనం పండుగ చేసుకున్నాం. అదే రోజు తమిళనాట ‘జై భీమ్’కి ఒక్క అవార్డు కూడా రాలేదని ఎంత బాధపడ్డారో మనం ఎంతమందిమి పట్టించుకున్నాం? అల్లు అర్జున్‌కి ఇవ్వడం నాకు సమ్మతమే. కానీ ఉత్తమ నటి అవార్డును ఆ ఏడాది ఇద్దరికి పంచారు. లాకప్పులో భర్తను పోగొట్టుకున్న గిరిజన యువతి సెంగెనిగా లిజోమోల్ జోస్ చేసిన పని ఆ ఇద్దరి పక్కన, నన్నడిగితే వాళ్లకన్నా ముందు, ఉండవలసింది.

2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆస్కార్ అందుకున్నప్పుడు ఒళ్లు పులకరించని తెలుగువాడు ఉండడు. అంతకు కొన్ని నెలల ముందు, దేశం తరఫున ‘ఆర్ఆర్ఆర్’ని కాక గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ని పంపారని మనవాళ్లు మండిపడ్డారు. అలా మండిపడ్డవాళ్లలో ఎందరో ఆ సినిమా చూడలేదు. సౌరాష్ట్రలో ఒక పల్లెటూరి పిల్లవాడు ప్రొజెక్టర్ వెలుగును ప్రేమించిన కథ అది. చివరి 15 సినిమాల జాబితా దాకా వెళ్లింది. ‘నాటు నాటు’తో పోటీపడిన పాటల్లో ఒకటి రాసిన డయాన్ వారెన్‌కి అది 14వ నామినేషన్. పోటీలో అప్పటికి ఒక్కసారీ గెలవలేదు, ఆ రాత్రీ గెలవలేదు. అమెరికాలో ఆవిడ అభిమానులకు ఆ రోజు అన్యాయంగా గెలిచింది మన పాటే. వాళ్లు మన పాట వినాలని మనం కోరుకుంటాం కదా. మనమూ వాళ్లది వినాలి.

2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చినప్పుడు 2014 నుంచి 2023 దాకా గడిచిపోయిన సంవత్సరాలకు కూడా ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసింది. మంచి పని. దానితో పాటు ఇంకో పని జరగాలి. ఒకప్పుడు దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక జాతీయ అవార్డు పొందిన వేర్వేరు భాషల సినిమాలు వేసేవారు. ఎక్కడో మారుమూల ఊళ్లో ఉన్నవాడు కూడా బెంగాలీ సినిమా, అస్సామీ సినిమా, మలయాళ సినిమా ఇంట్లో కూర్చుని చూసేవాడు. ఆ ప్రసారం మళ్లీ మొదలుకావాలి. ఈసారి కింద తెలుగులో మాటలు వేసి చూపించాలి. ‘షెహర్ ఔర్ సప్నా’, ‘తబరన కథె’, ‘స్పర్శ్’, ‘అర్ధసత్య’ లాంటివి గెలిచిన ఏడాది ప్రకారం, వాటితో పోటీపడిన మన సినిమాల పక్కన పెట్టి చూపించాలి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను, దూరదర్శన్‌ను, మన రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలను నేను కోరేది ఇదే. శ్రోతలు మీరు కూడా ఉత్తరాలు రాసి అడగండి. ఈలోగా ఈ ఆదివారం వీలు చేసుకుని ‘సాగరసంగమం’, ‘అర్ధసత్య’ రెండూ చూడండి. చూశాక కూడా మీ ఓటు ఓంపురికే అయితే ఎందుకో రాసి ఈ కేంద్రానికి పంపండి. మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తాను.